ఎనిమిదో సీసా

వణుకుడు జబ్బు వంశాల్లో ఎలా దిగుతుందో చూడటానికి పరిశోధకులు ఇటలీలో ఒక ఊరికి వెళ్ళారట, జపాన్‌లో కొన్ని ఇళ్ళకు వెళ్ళారట. మన దేశం వంతు వచ్చేసరికి నన్ను సంగారెడ్డి పంపారు.

జబ్బు అసలు పేరు పార్కిన్సన్. చాలామందికి ఏ కారణమూ చెప్పకుండా వస్తుంది. కొన్ని కుటుంబాల్లో మాత్రం పొలం, ఇల్లు పంచినట్టు తరం నుంచి తరానికి వస్తుంది. అలాంటి కుటుంబాలను దేశదేశాల్లో వెతికి, రక్తం తీసి, పోల్చి చూసే పెద్ద పనిలో హైదరాబాదు డాక్టరు వసుంధర గారికి ఒక చిన్న ముక్క దక్కింది. ఆవిడ నరాల డాక్టరు. నేను ఎమ్మెస్సీ జువాలజీ, రెండో తరగతి. మాది తణుకు. తెలుగువాళ్ళతో తెలుగు మాట్లాడటానికి నన్ను తీసుకున్నారు. మొదటి రోజే నా తెలుగును తెలుగులోకి మార్చడానికి జీపు డ్రైవరు యాదగిరి కావలసి వచ్చింది.

సెల్‌ఫోన్ ఉన్నవాడు కూడా అది మోగితే ఎత్తకుండా ఎస్టీడీ బూతు వెతుక్కునే రోజులవి. మూడు రోజులు తిరిగి వచ్చాను. అటు వెళ్ళనివాళ్ళ కోసం రాస్తున్నాను. ఆ దారిన వెళ్ళినవాళ్ళు కూడా పటాన్‌చెరు ఫ్యాక్టరీల కంపు రాగానే బస్సు కిటికీలు మూసేసుకుంటారు కనుక వాళ్ళూ వెళ్ళనట్టే లెక్క.

సంగారెడ్డి: కరుణమ్మ గారి పరీక్ష

మా మొదటి మజిలీ దావీదు గారి ఇల్లు. మిషన్ బడిలో పంతులుగా చేసి రిటైరైన మనిషి. వరండాలో కుర్చీలో కూర్చుని కుడిచేతిని తొడ కింద పెట్టుకున్నారు. మేము వందనాలు అన్నాక ఆ చెయ్యి తీసి నమస్కారం పెట్టారు. అది ఒక నమస్కారంతో ఆగలేదు.

విదేశాల నుంచి వచ్చిన ఫారం పదహారు పేజీలు. అక్కడ రోగులకు సంఘాలుంటాయి, పత్రికలుంటాయి, ఏటా సభ పెట్టుకుని బిస్కెట్లు తింటారు. అందుకని మొదటి పేజీలోనే ఒక ప్రశ్న: మీరు ఏ సంఘంలో సభ్యులు?

దావీదు గారి భార్య కరుణమ్మ గారు జవాబు చెప్పారు. ఆ ఇంట్లో జవాబులన్నీ ఆవిడవే.

"నేను డ్వాక్రా సంఘంల ఉన్న బిడ్డా. ఈయనె పింఛన్లోళ్ళ సంఘంల ఉన్నడు. వణుకుడోళ్ళకు మల్ల సంఘమెందుకు? అందరం ఒక్కింటోళ్ళమే గద."

నేను 'లేదు' అన్న గడిలో టిక్కు పెట్టాను.

వంశవృక్షం గీయడానికి పాస్టరు గారు చర్చి బాప్తిస్మపు రిజిస్టరు తెచ్చారు. నాలుగు తరాల పేర్లు వరసగా ఉన్నాయి. ఫారంలో మూడు తరాలకే చోటుంది. నాలుగో తరాన్ని నేను అంచున, సంతకం చోట ఇరికించాను. దావీదు గారి తండ్రికి జబ్బు. ఆయన కొడుకులిద్దరికీ జబ్బు. పెద్దాయన ఈయన. చిన్నాయన ఇస్సాకు చనిపోయాడు. ఇస్సాకుకు ఒక్క కొడుకు, సామేలు, నలభై ఒక్క ఏళ్ళు, బొల్లారంలో మందుల కంపెనీలో ఆపరేటరు. అతని చేతులు బాగానే ఉన్నాయి.

"బాగానే ఉన్నాయని ఎవరు చెప్పారు?" అడిగారు వసుంధర గారు.

"సాసర్ చెప్పింది" అన్నారు దావీదు గారు.

ఆ ఇంట్లో నలభై దాటిన ప్రతివాళ్ళూ క్రిస్మస్ పొద్దున టీని సాసరులో అంచుదాకా పోసుకుని వంటింటి నుంచి వరండా దాకా నడవాలి. ఒలక్కపోతే మరో ఏడాది కేకు తినొచ్చు. "నేను నలభై ఆరుల ఒలకబోసిన. మా తమ్ముడు నలభై మూడుల" అన్నారాయన, క్రికెట్ స్కోరు చెప్పినట్టు. "సామేలు పోయిన క్రిస్మస్‌కు చుక్క గూడ పడనియ్యలే."

"సాసర్ దాంక ఎందుకు?" కరుణమ్మ గారు విసుక్కున్నారు. "గది ఆఖరుకొచ్చేది. అంతకుముందే ఎర్కైతది. ఈయనకు నలభై రెండేండ్లప్పుడు అన్నం అడుగంటింది. ఇల్లంత మాడు వాసన. ఈయనేమో కమ్మగుంది, ఇంకింత పెట్టు అన్నడు. నేను వంటింట్లకు వొయ్యి ఏడ్చిన. మా అత్త నాకు జెప్పింది, ఈ ఇంట్ల మగోళ్ళకు ముందు ముక్కు వోతది అని. నేను ఇస్సాకు పెండ్లానికి జెప్పిన. ఆమె కోడలికి జెప్పిందో లేదో నాకెర్క లేదు."

వసుంధర గారి కలం ఆగింది. వాసన పోవడం ఈ జబ్బుకు ముందస్తు గుర్తు కావచ్చని తేల్చడానికి పెద్ద పెద్ద ప్రయోగశాలలకు చాలా ఏళ్ళు పట్టిందని జీపులో నాకు చెప్పారు.

"వాళ్ళకు మాడిన అన్నం దొరికి ఉండదండీ" అన్నాను.

మధ్యాహ్నం జొన్నరొట్టె, తోటకూర పెట్టారు. మా వైపు జొన్నరొట్టె అంటే షుగరొచ్చాక డాక్టరు రాసిచ్చేది. ఇక్కడ ఆకలేస్తే తింటారు. నాలుగు తిన్నాను. ఐదోది కూడా తిన్నానని యాదగిరి అందరికీ చెప్పాడు.

పటాన్‌చెరు: నలభై వాసనలు

పటాన్‌చెరు వచ్చిందని చెప్పడానికి రోడ్డు మీద బోర్డు పెట్టారు. వృథా ఖర్చు.

చర్చి హాల్లో ఆ వంశం వాళ్ళు ఇరవైమంది దాకా పోగయ్యారు. కొందరు పాఠాలు చెప్పేవాళ్ళు, ఎక్కువమంది ఫ్యాక్టరీల్లో చేసేవాళ్ళు. మా దగ్గర విదేశాల నుంచి వచ్చిన వాసన పుస్తకం ఉంది. నలభై చీటీలు. గీరితే వాసన వస్తుంది. అదేమిటో నాలుగు జవాబుల్లోంచి ఎంచుకోవాలి. ఇటలీలోనూ జపాన్‌లోనూ ఇలాంటిదే గీరారు కనుక పటాన్‌చెరులోనూ గీరాలి.

మొదటి చీటీ పిజ్జా. ఒక పెద్దమనిషి గీరి, వాసన చూసి, "పాత చెప్పు" అన్నాడు. అది నాలుగు జవాబుల్లో లేదు. తర్వాతది గుమ్మడికాయ కేకు. దాన్ని గీరిన ముసలావిడ నా వైపు జాలిగా చూసింది. "గుమ్మడికాయను ఇట్ల పాడుజేస్తరా సారూ?" దేవదారు చెక్క వాసనకు ఎనిమిది మంది ఫినాయిల్ అన్నారు. స్ట్రాబెరీ దగ్గర మాత్రం హాలంతా ఒక్కసారి చురుకయింది.

"ఇది మూడో నంబర్ రియాక్టర్ సార్."

"కాదు కాకా, మా కంపెనీ సాల్వెంట్. బుధారం బుధారం ఇడుస్తరు."

కాసేపు రెండు కంపెనీల మధ్య వాదన నడిచింది. స్ట్రాబెరీ తరఫున ఎవరూ మాట్లాడలేదు.

సాయంత్రానికి మార్కులు వేస్తే హాల్లో ఒక్కరూ పాస్ కాలేదు. అనుమానం వచ్చి యాదగిరికి పెట్టాం, ఫెయిల్. నాకు నలభైకి పదకొండు వచ్చాయి. విదేశాల్లో రెండేళ్ళు చదువుకున్న వసుంధర గారు కూడా గుమ్మడికాయ కేకు దగ్గర తడబడ్డారు. ఆ పుస్తకం ప్రకారం పటాన్‌చెరులో ఆరోగ్యంగా ఉన్నవాళ్ళు ఎవరూ లేరు. ఈ మాట పటాన్‌చెరు వాళ్ళు ఎప్పటి నుంచో చెబుతున్నారు గానీ వాళ్ళ దగ్గర పుస్తకం లేదు.

ఇంకో ప్రశ్న: మీరు రసాయనాల మధ్య, కలుషితమైన నీటి దగ్గర నివసించారా? ఇరవైమందీ అవునన్నారు. గంటకు ముప్పై రూపాయల నెట్ సెంటరులో కూర్చుని ఆ వివరం విదేశాల ఆఫీసుకు పంపాను. వెంటనే జవాబు వచ్చింది: అందరికీ ఒకే జవాబు ఉంది, నింపడంలో పొరపాటు జరిగినట్టుంది, సరిచూడగలరు. కిటికీలోంచి బయటికి చూశాను. దూరంగా కాలవలో నీళ్ళు కుంకుడు రసం రంగులో పోతున్నాయి. సరిచూశాను, పొరపాటు లేదు అని రాశాను.

పుస్తకం మూసేసి మన సరుకుతోనే పరీక్ష చేద్దామన్నారు వసుంధర గారు. హోమియో షాపులో చిన్న సీసాలు పది కొన్నాం, ఒక్కోటి రూపాయి. లోపల ఏముందో కనపడకుండా నల్ల కాగితం చుట్టి నంబర్లు వేశాను. ఇంగువ, కిరోసిన్, ఉల్లిగడ్డ, బీడీ పొగాకు, మల్లెపూలు, జీలకర్ర, బట్టల సబ్బు, కాఫీ పొడి, అల్లం, నెయ్యి. కాఫీ నా పట్టుదల.

"ఇక్కడ కాఫీ ఎవడు తాగుతడు సార్? అంత చాయే" అన్నాడు యాదగిరి.

"వాసన చూడటానికే గదా, తాగటానికి కాదు" అన్నాను. ఎనిమిదో నంబరు వేశాను.

హాల్లో కూర్చున్నవాళ్ళకు మళ్ళీ పెట్టాం. దాదాపు అందరూ పాసయ్యారు. పటాన్‌చెరు గంటలో కోలుకుంది.

"మా సామేలుకు పెట్టుండ్రి సార్, పదికి పన్నెండు దెచ్చుకుంటడు" అన్నారు అతని చుట్టాలు. "కంపెనీల ముక్కు సామేలు అంటరు. గ్యాస్ లీకైతే అందరికన్న ముందు పసిగట్టేది ఆయన్నే." ఆ రోజు డ్యూటీ ఉండి అతను రాలేదు.

సామేలు ఇల్లు: పదికి పది

రెండో రోజు సామేలుకు వారపు సెలవు. బొల్లారం దగ్గర రెండు గదుల కిరాయి ఇల్లు. అతను నవ్వుమొహం మనిషి, చొక్కా మడతలు చెడని రకం. భార్య శాంతమ్మ టీ ఇచ్చి ఏదో అంది. వినపడలేదు. రెండోసారి అడిగితే "చక్కెర సరిపోయిందా" అంది. ఆమె పేరు రాసుకోవడానికి కూడా రెండుసార్లు అడగాల్సి వచ్చింది. అంత మెల్లని గొంతు.

"కంపెనీలో గ్యాసు కనిపెట్టే మీటరు ఉండదా?" అని సామేలును అడిగాను.

"ఎందుకుండదు సార్, ఫారిన్‌ది. మేనేజర్ సార్ బీరువల పెట్టిండు."

"బీరువాలో ఎందుకు?"

"బయట పెడితె గ్యాస్ తాకి ఖరాబైతదని."

నేను ఫారం నింపుతున్నట్టు తల దించుకున్నాను.

భోజనంలో పప్పు మాడింది. కొంచెం కాదు. నేను, వసుంధర గారు ఒకరి మొహం ఒకరం చూసుకోకుండా మర్యాదగా మింగాం. సామేలు రెండోసారి వేయించుకున్నాడు. శాంతమ్మ వడ్డించిన గరిటె అలాగే పట్టుకుని అతను తినడం చూస్తూ నిలబడింది. అతిథుల ముందు పప్పు మాడిందని ఇబ్బంది పడుతోందనుకున్నాను. జువాలజీలో నాకు రెండో తరగతి ఊరికే రాలేదు.

రక్త సంబంధం లేనివాళ్ళను కూడా పోలిక కోసం పరీక్షించాలి కనుక ముందు శాంతమ్మ వంతు. లోపలి గదిలో నేనూ ఆమే. గోడ అవతలి గదిలో వసుంధర గారు సామేలు చేత వేళ్ళు ఆడించి, నడిపించి చూస్తున్నారు. మెల్లగా మాట్లాడే ఆ మనిషికి సీసాలు చూడగానే ఏమైందో, బస్‌స్టాండులో కండక్టరు కేకేసినట్టు మొదలుపెట్టింది.

"ఒకటీ, ఇంగువా! రెండూ, గ్యాసునూనె!"

"మెల్లగా చెప్పినా చాలమ్మా" అన్నాను.

"మూడూ, ఉల్లిగడ్డా!"

పదీ సరిగ్గా చెప్పింది. సీసాలను జీపులో పెట్టి వచ్చాను. సామేలు రక్తం తీసి, నాలుగు తరాల కథ రాసుకునేసరికి గంటన్నర అయింది. అప్పుడు సీసాలు మళ్ళీ తెచ్చి అతని ముందు పెట్టాను.

చుట్టాలు చెప్పింది నిజమే అనిపించింది. ప్రతి సీసా ముక్కు దగ్గర పెట్టి, కళ్ళు మూసి, కచేరీలో పాట వింటున్నవాడిలా తల ఆడించి జవాబు చెప్పాడు. ఎనిమిదో దాని దగ్గర ఇంకాస్త ఎక్కువసేపు ఆగాడు.

"కాఫీ. జెర పాతది."

పదికి పది. మొత్తం వంశంలో మొదటి ర్యాంకు. చెయ్యి కలిపి అభినందించాను.

జీపు దగ్గర సీసాలు సర్దుతుంటే ఎనిమిదోది తేలిగ్గా అనిపించింది. మూత తీశాను. లోపల ఏమీ లేదు. కడిగి, తుడిచి, ఆరబెట్టినంత శుభ్రంగా ఉంది.

"యాదగిరీ!"

"దొంగతనం గాదు సార్" అన్నాడు యాదగిరి. "మూత దీసి సూస్తె కాఫీ. పక్క హోటల్ల పాలు పోయించుకున్న. మల్ల సీసా మంచిగ కడిగి పెట్టిన, మీరు బద్నాం జేస్తరని."

వసుంధర గారు సీసా తీసుకుని వాసన చూశారు. చాలాసేపు చూశారు. అందులో కాఫీ పాతది కాదు, కొత్తదీ కాదు. సామేలు వాసన చూడలేదు. గోడ అవతల నుంచి విన్న వరస అప్పజెప్పాడు.

బొల్లారం గేటు: మీటరు

ఫారంలో పదకొండో పేజీ ఇలా చెబుతుంది: పరిశోధనలో తెలిసిన విషయాలను పరిశోధనలో పాల్గొన్న వ్యక్తికి వెల్లడించరాదు. అంటే సామేలు ముక్కు పనిచెయ్యడం లేదన్న సంగతి మూడు దేశాల్లో తెలియవచ్చు, బొల్లారంలో తెలియకూడదు. అక్కడ ఒక షిఫ్టులో పదకొండు మంది ఆ ముక్కును నమ్ముకుని పనిచేస్తున్నారు.

మూడో రోజు మేము హైదరాబాదు తిరిగి వెళ్ళాలి. "బొల్లారం పోనియ్యి" అన్నారు వసుంధర గారు. యాదగిరి ఆ రోజు ఏం చెబితే అది చేసే స్థితిలో ఉన్నాడు.

కంపెనీ గేటు దగ్గర హడావిడిగా ఉంది. సున్నం వేస్తున్నారు, కుండీల్లో పూలమొక్కలు దింపుతున్నారు. మందులు కొనే విదేశీయులు ఆ సాయంత్రం తనిఖీకి వస్తున్నారట. లోపలి కుక్కలన్నిటినీ పట్టి వ్యానెక్కించారు. సామేలు ఎదురుగా టీ కొట్టు బల్ల మీద కూర్చుని, వెళ్ళిపోతున్న వ్యాను వైపు చూస్తున్నాడు. మధ్యాహ్నం రెండింటికి మొదలయ్యే షిఫ్టుకు ఇంకా గంటుంది.

"నిన్న ఎనిమిదో సీసా ఖాళీది" అన్నాను, పక్కన కూర్చుంటూ.

అతను నవ్వబోయాడు. కుదరలేదు.

"నాకు అన్ని సీసాలు ఖాళీవే సార్" అన్నాడు.

"ఎన్నాళ్ళ నుంచి?" వసుంధర గారు అడిగారు.

"రెండేండ్లు దాటింది డాక్టరమ్మా."

"మరి లీకులు ఎలా పట్టుకుంటున్నారు?"

వ్యాను పోయిన వైపు చెయ్యి చూపించాడు. "ఎర్రది. నా కుక్క. షెడ్డు తలుపు కాడ పండుకుంటది. జెరంత గ్యాస్ వొస్తె చాలు, తుమ్మి, లేశి, బయటికి వోతది. అది లేస్తె నేను లేస్త. నేను ఒర్లితె అందరు ఉరుకుతరు. మూడుపార్లు పట్టిన. పోయినేడు మేనేజర్ సారు శాలువ గూడ కప్పిండు."

"ఆ శాలువా ఏం చేశారు?" అన్నాను.

"దాని మీదనే పండుకుంటది సార్. హక్కు దానిదే గద."

ఇంకో గంటలో అతను లోపలికి వెళ్తాడు. ముక్కు లేదు, కుక్క లేదు, మీటరు బీరువాలో ఉంది.

వసుంధర గారు సంచీలోంచి పదహారు పేజీల ఫారం తీసి నా ఒళ్ళో పడేశారు. తన మందుల చీటీల పుస్తకం తీశారు.

"పదకొండో పేజీ పరిశోధనలో పాల్గొన్నవాళ్ళ గురించి. మీరు ఇప్పుడు నా దగ్గరికి వచ్చిన పేషెంటు. ఫీజు ఒక టీ. పేరు చెప్పండి."

"సామేలు."

"బాధ ఏమిటి?"

అతను గేటు వైపు చూసి, మా వైపు చూసి, గొంతు తగ్గించాడు. "మా నాయనకు గూడ ముందు ముక్కే పోయిందట."

"ముక్కు పోవడానికి కారణాలు చాలా ఉంటాయి" అన్నారావిడ. "మీ ఇంటి నుంచి వచ్చి ఉండొచ్చు. ఈ కంపెనీ నుంచి వచ్చి ఉండొచ్చు. రెండూ కలిసి ఉండొచ్చు. ఇవాళ నేను తేల్చి చెప్పలేను. ఆరు నెలలకోసారి నా దగ్గరికి రండి, కలిసి చూద్దాం. కానీ ఈ ముక్కును నమ్మి ఒక్క షిఫ్టు కూడా చెయ్యకూడదు. అది మాత్రం తేల్చి చెబుతున్నాను."

"రాయుండ్రి డాక్టరమ్మా. ముక్కు అని రాయుండ్రి. మా ఇంటి వణుకుడు ముచ్చట రాయకుండ్రి."

ఆవిడ రెండు వాక్యాలు రాసి సంతకం పెట్టారు. అతను చీటీ జేబులో పెట్టుకుని, చొక్కా సర్దుకుని గేటు లోపలికి పోయాడు.

"నౌకరి వాయె" అన్నాడు యాదగిరి.

అరగంట చూశాం. టీలు తాగాం, ఒక్కోటి రెండు రూపాయలు. హైదరాబాదు కన్నా అర్ధ రూపాయి తక్కువ, పాలు ముప్పావు తక్కువ. సామేలు బయటికొచ్చాడు. మెడలో పసుపురంగు పెట్టె ఒకటి వేలాడుతోంది, మీద పచ్చదీపం వెలుగుతోంది.

"ఇచ్చారా?"

"ఇయ్యాల ఎట్లయిన బయటికి తీశిండ్రు సార్, ఫారినోళ్ళకు సూపియ్యాలె గద. కొత్త సెల్లులు గూడ ఏశిండ్రు. వాళ్ళు వొయ్యినంక బీరువల పెట్టు అన్నడు మేనేజర్. నేను చీటీ సూపిచ్చిన. ఇది నా మెడల్నే ఉంటది సార్, లేకుంటె ఈ చీటీ ఆళ్ళకే సూపిస్త అన్న."

"అలా అన్నారా?"

"మెల్లగనే అన్న." పెట్టె మీద దుమ్ము తుడిచాడు. "ఇగ నన్ను ముక్కు సామేలు అనరు. గంతే. ఎర్రదాన్ని భానూర్ అవుతల ఇడిశిండ్రట. ఐతారం పొయ్యి తోల్కొస్త." మళ్ళీ తనే, "శాంతమ్మకు చెప్పకుండ్రి సార్. ఆమెకేం ఎర్కలేదు. భయపడ్తది" అన్నాడు.

"మరి నిన్న ఆ నంబర్లన్నీ ఎలా గుర్తుపెట్టుకున్నారు?"

"ఆమె గంత గట్టిగ ఒర్లబట్టె, గోడవుతలికి మంచిగ ఇనొచ్చింది. లేకుంటె దొరికిపోతుంటి."

రెండుసార్లు అడిగితే గానీ పేరు వినిపించని ఆ గొంతు నాకు గుర్తొచ్చింది. వసుంధర గారు గ్లాసులోకి చూస్తూ అడిగారు.

"నిన్న పప్పు ఎలా ఉంది సామేలు గారూ?"

"మస్తుండె డాక్టరమ్మా. రెండుపార్లు ఏసుకున్న."

ఆవిడ శాంతమ్మ పేరెత్తకుండా గ్లాసు బల్ల మీద పెట్టారు.

ఆ తర్వాత విదేశాల ఆఫీసు నుంచి వచ్చిన ఉత్తరం సంగతి ఇక్కడే చెప్పేస్తాను. ఆమోదించిన పుస్తకం వాడలేదు కనుక, పైగా ఒక సీసా ఖాళీగా ఉంది కనుక, వాసన పరీక్షలన్నీ రద్దు చేశారట. రక్తం మాత్రం చాలా బాగుందన్నారు. మూడు రోజుల్లో మేము నిజంగా తెలుసుకున్న ఒక్క సంగతీ లెక్కలోకి రాలేదు.

షిఫ్టు బస్సులు వచ్చి ఆగాయి. డాక్టరు ఫీజు బాకీ ఉందంటూ సామేలు టీ తెప్పించాడు. సాసరులో అంచుదాకా పోశాడు, ఇంకో చుక్క పట్టనంత. దాన్ని రెండు వేళ్ళ మీద పెట్టుకుని, దిగుతున్న జనంలోంచి బల్ల దాకా నడిచి వచ్చి వసుంధర గారి చేతికి అందించాడు. చుక్క పడలేదు. ఆవిడ తాగారు.

ఇంకో సాసరు నింపి నాకు ఇచ్చాడు. అది నా చేతిలో ఒలికింది. ముగ్గురూ నా వేళ్ళ వైపు చూశారు.

సాసరు కాలిందన్నాను.